నడిమి ఫారం

అన్నాల గంట కొట్టి చాలాసేపయింది. మడత బల్ల దగ్గర నుంచి ఒక్కరూ కదల్లేదు. ఎల్లుండి పొద్దుటికల్లా పుస్తకాలు తయారై ఉండాలని యజమాని వచ్చి, ఎవరి మొహమూ చూడకుండా చెప్పి వెళ్ళాడు. ఆయన అలా చెప్పి వెళ్ళాడంటే, పని అయ్యేదాకా కడుపు మాడ్చుకోమని అర్థం. ఆడవాళ్ళు ఆరుగురూ అన్నం డబ్బాల మూతలైనా తీయకుండా వాటిని బల్ల కిందికి తోసి, మళ్ళీ కాగితాలు అందుకున్నారు.

కిటికీ పక్కన నిలబడి మడుస్తున్న మనిషిని ఆ బైండింగు షెడ్డులో అందరూ మడతమ్మ అంటారు. ఎనిమిదేళ్ళుగా ఆమె చేసే పని అదే. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా మిగల్లేదు. అచ్చయిన పెద్ద కాగితాన్ని నిలువుగా మడిచి, వెదురు బద్దతో గట్టిగా రుద్ది, అడ్డంగా మళ్ళీ మడిస్తే ఒక ఫారం అయినట్టు. కూలి నూరు ఫారాలకింత. ఇదివరకు రోజుకు రెండు వేలు అలవోకగా మడిచేది. ఇప్పుడు వెయ్యి దాటితే గొప్ప. ఎడమ చేతి చూపుడు వేలూ మధ్య వేలూ సగానికి లేవు. వేళ్ళతోపాటు కూలీ సగానికి తెగింది.

కానీ ఈ రోజు ఆమెకు ఆకలీ లేదు, నొప్పీ లేదు. చేతిలో ఉన్న బొమ్మల పుస్తకం ఆమె కూతురిది. కూతురి గురించి వేస్తున్నది! రెండు జడలు, ముక్కు మీద మచ్చ, భుజాన సంచీ. ఫారం తిప్పినప్పుడల్లా పిల్ల ఆమె మొహంలోకి చూసి నవ్వుతోంది.

"ఏమే మడతమ్మా, నీ కూతురు బొమ్మలకెక్కింది. ఇంక మనల్ని లెక్కచేస్తుందా?" అంది జిగురవ్వ. అట్టలకు జిగురు రాసే ముసలామె. ఆమె చేతికి జిగురంటుతుంది కానీ నోటికి అంటదు.

"ఎక్కడం దానికి కొత్తా అవ్వా? అది ఎక్కబట్టేగా నాకీ చెయ్యి మిగిలింది," అంది మడతమ్మ. బల్ల చుట్టూ అందరూ నవ్వారు. ఆ నవ్వులో ఆమె నవ్వే పెద్దగా వినిపించింది.

బొమ్మల పుస్తకానికి పదహారు పేజీలు. రెండు ఫారాలు. పై ఫారంలో మొదటి నాలుగు పేజీలూ చివరి నాలుగూ పడతాయి. నడుమ ఎనిమిది పేజీలూ లోపలి ఫారం. రెంటినీ ఒకదాంట్లో ఒకటి దూర్చి, వెన్ను మీద పిన్ను కొడితే పుస్తకం. ఆ రోజు అచ్చయి వచ్చింది పై ఫారమే. మొదట్లో పిల్ల బడి నుంచి షెడ్డుకు వస్తుంది, తల్లి నవ్వుతూ ఎదురొస్తుంది. చివర్లో తల్లీ బిడ్డా అమ్మవారి పటం ముందు నిలబడి ఉంటారు, యజమాని పిల్లకు కొత్త పుస్తకాలిస్తుంటాడు. నడుమ ఏముందో అడగాల్సిన పనేముంది, జరిగిందేదో వాళ్ళందరి కళ్ళ ముందు జరిగిందే.

ఆ జరిగింది ఇదీ.

కాగితాలు కోసే కత్తి మిషన్ మడతమ్మ అన్న చేతిలో ఉంటుంది. ఆయనే షెడ్డుకు మేస్త్రీ. మనిషి చెయ్యి లోపలికి పోకుండా ఆ మిషన్‌కు ముందొక అడ్డుకమ్మీ ఉండేది. కమ్మీ ఉంటే కోత కోతకూ ఆగాలి. పని తొందరలో ఎప్పుడో అది కనపడకుండా పోయింది. పాడైపోయిందన్నారు. అప్పట్నుంచీ అన్న మీట లాగుతుంటే, ఎదురుగా నిలబడి ఒకరు కాగితాల దొంతరలు లోపలికి తోసేవారు. ఆ సాయంత్రం తోస్తున్నది మడతమ్మ. కత్తి కంటే ముందు కాగితం కదలకుండా ఇనుప పలక ఒకటి దిగుతుంది. దాని కింద ఆమె చెయ్యి పడింది. కత్తి వెనకే వస్తోంది. అన్న మీట వదిలేసి "ఆపండి, ఆపండి" అని అరిచాడు. ఆపాల్సినవాడే అలా అరిస్తే ఇంక ఆపేదెవరు? అందరూ నోళ్ళు తెరుచుకుని నిలబడిపోయారు.

మూలన కూర్చుని బడి లెక్కలు చేసుకుంటున్న తొమ్మిదేళ్ళ పిల్ల లేచింది. ఆ పిల్లను మిరియం అంటారు. చిన్నదే కానీ ఘాటని మేనమామే ఆ పేరు పెట్టాడు. గోడ మీద షెడ్డంతటికీ కరెంటు ఆపే పెద్ద స్విచ్చి ఒకటుంది. దాని జోలికి పోతే చెయ్యి విరుస్తానని తల్లి రోజూ బెదిరించేది కాబట్టే, దాని సంగతి మిరియానికి బాగా తెలుసు. స్విచ్చి అందలేదు. దాని కింద అమ్మవారి పటాలు అచ్చేసిన కాగితాల దొంతర ఉంది. పిల్ల ఆ దొంతర మీదికి ఎగబాకింది. చదువుల తల్లి మొహం మీద రెండు కాళ్ళూ పెట్టి నిక్కి, స్విచ్చి లాగేసింది.

కత్తి సగంలో ఆగింది. రెండు వేళ్ళు పోయాయి, చెయ్యి దక్కింది.

ఆ షెడ్డులో కాగితానికి కాలు తగిలితే వంగి, తాకి, కళ్ళకద్దుకోనిదే ఎవరూ అడుగు ముందుకు వేయరు. చెప్పులు గుమ్మం బయటే. తెల్ల కాగితానికే అంత మర్యాద. అలాంటిది అమ్మవారి పటం! ఆస్పత్రిలో కళ్ళు తెరిచాక మడతమ్మ అన్నను మొదట అడిగింది చెయ్యి గురించి కాదు. "పిల్ల పటాల మీద కాళ్ళు పెట్టిందన్నా. దానికేమైనా చుట్టుకుంటుందా?" అని. అన్న ఏడుస్తూనే అన్నాడు, "పాపమేంటే పిచ్చిదానా! దానికి అందకపోతే అమ్మవారే భుజమిచ్చిందనుకో. తల్లి భుజమెక్కితే బిడ్డకు పాపమా?" ఆ మాట ఆమె కొంగున ముడి వేసుకుంది. ఇంటికొచ్చాక పిల్లకూ చెప్పింది. భయమేసినప్పుడల్లా ఇద్దరూ ఆ మాటే అనుకునేవాళ్ళు.

అన్న మాటంటే ఆమెకు వేదం. తండ్రి పోయాక ఆయనే తండ్రయ్యాడు. చెల్లెలి పెళ్ళయ్యేదాకా తను చేసుకోలేదు. ఆమె భర్త పోతే, వీధిన పడకుండా ఈ షెడ్డులో పని ఇప్పించాడు. అందుకే, అడ్డుకమ్మీ సంగతి లేబరాఫీసులో చెప్పమని జిగురవ్వ పోరుతుంటే ఆమె అన్న మొహం చూసింది. "తొందరెందుకు? అయ్యగారు మిరియం ధైర్యం మీద బొమ్మల పుస్తకం వేయిస్తున్నారు. అన్నీ అందులోనే ఉంటాయి. నలుగురూ చదువుతారు. దానికంటే పెద్ద అర్జీ ఏముంటుంది?" అన్నాడాయన. బొమ్మలాయన ఇంటికొచ్చి కూర్చుంటే మిరియం పీట మీదికెక్కి నిక్కి, గాల్లో స్విచ్చి లాగి మరీ చూపించింది. ఆయన కాగితం మీద గీసుకున్నాడు. మడతమ్మ నమ్మింది. ఆఫీసు గడప తొక్కలేదు.

పై ఫారం మడిచిన మర్నాడు పొద్దున్న లోపలి ఫారం వచ్చింది. తడి కూడా పూర్తిగా ఆరలేదు. మడతమ్మ ఆత్రంగా పై కాగితం లాక్కుని మడిచింది. ఫారంలో పేజీలు ముందు తలకిందులుగా, ఎటు పడితే అటు ఉంటాయి. మడిస్తేగానీ వరుసకు రావు. ఆమె మడిచి, వేలితో అంచు చించి, ఒక్కొక్క పేజీ తిప్పింది. చదువు అంతంతమాత్రం. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంది.

ఆ రోజు పాప వాళ్ళమ్మ కాగితాన్ని కాలితో తొక్కింది. కళ్ళకు అద్దుకోలేదు. చదువుల తల్లికి కోపం వచ్చింది.

బొమ్మలో తల్లి ఎత్తుగా కాలెత్తి, కాగితం మీద వేస్తోంది. ఆ మొహం తనదే.

తర్వాతి పేజీలో తల్లి చెయ్యి కత్తి కింద ఉంది. ఆ తర్వాత పాప మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళు గట్టిగా మూసుకుని, రెండు చేతులూ జోడించింది. కత్తిని అమ్మవారు తన చేత్తో పట్టుకుని ఆపింది. యజమాని తల్లిని ఎత్తుకుని కారు దగ్గరికి పరుగెత్తుతున్నాడు. పాప ఎక్కిన దొంతర లేదు. స్విచ్చి లేదు, స్విచ్చి ఉన్న గోడ కూడా లేదు. ఉన్నది మాత్రం ఒకటుంది. బొమ్మలోని మిషన్‌కు అడ్డుకమ్మీ వెండిలా తళతళా మెరుస్తోంది.

చుట్టూ బద్దల చప్పుడు ఒక్కొక్కటే ఆగిపోయింది. మిగతావాళ్ళూ చదువుతున్నారని ఆమెకు అర్థమైంది. ఎవరూ ఆమె వైపు చూడలేదు.

ఆమెకు ముందు వచ్చింది కోపం కాదు, అనుమానం. తన మీద తనకే. ఆ రోజు పొద్దున్న నిజంగా కాలు తగిలిందా? తగిలితే అద్దుకోలేదా? ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు. అచ్చులో ఉన్నది అబద్ధమవుతుందా అని ఒక్క క్షణం అనిపించింది. ఆ ఒక్క క్షణానికే తర్వాత ఆమె సిగ్గుతో చచ్చిపోయింది.

జిగురవ్వ కుంచె డబ్బాలో పడేసింది. "నువ్వు తొక్కలేదే. నీ పక్కనే ఉన్నాను నేను. తొక్కినవాళ్ళెవరో నాకు తెలుసు. వాళ్ళు తొక్కింది కాగితాన్ని కాదు."

మడతమ్మ ఆ ఫారం పట్టుకుని అన్న దగ్గరికి నడిచింది. ఆయన మిషన్‌కు నూనె వేస్తున్నాడు. ఎదురుగా కొత్తగా చేరిన సన్నటి అమ్మాయి, తోయడానికి దొంతరలు సర్దుకుంటోంది. కమ్మీ ఉండాల్సిన చోట ఖాళీ.

"అన్నా, ఇదేంటి?"

అన్న చూశాడు, చూపు తిప్పుకున్నాడు. "వచ్చిందా? రంగులు బాగా పడ్డాయి కదూ?"

"నేనెప్పుడు తొక్కాను?"

"కథమ్మా అది. కథన్నాక కాస్త అటూ ఇటూ అవుతుంది."

"మిరియం ఎక్కింది ఏదీ?"

"పిల్లలు చదివే పుస్తకంలో అమ్మవారి మీద కాళ్ళు పెట్టించమంటావా? చూసినవాళ్ళు ఉమ్మేయరూ?"

"భుజమిచ్చిందన్నావుగా ఆస్పత్రిలో."

అన్న నూనె డబ్బా కింద పెట్టాడు. "అది నీకు చెప్పింది. ఇది అందరికీ చెప్పేది."

ఆ ఒక్క మాట పట్టుకునే మడతమ్మ ఇన్నాళ్ళూ నిద్రపోయింది. ఇంట్లో ఒకటీ వీధిలో ఒకటీ చెల్లే నాణెమని ఇప్పుడా తెలియడం!

"ఈ కమ్మీ ఎక్కడిదన్నా బొమ్మలో? ఆ రోజు లేదు. ఇవాళా లేదు."

అన్న అటూ ఇటూ చూసి, కొత్త అమ్మాయిని నీళ్ళు తాగి రమ్మని పంపించాడు. గొంతు తగ్గించాడు. "ఊడదీసింది నేనే. పాడవలేదది. అయ్యగారు తీసెయ్యమంటే నా చేత్తో తీసి దాచాను. రేపు పుస్తకం విడుదల చెయ్యడానికి వచ్చేదెవరనుకున్నావు? లేబరాఫీసరే. ఏదైనా తేడా వస్తే అయ్యగారు తన చెయ్యి చూపించుకుంటాడా? నన్ను చూపిస్తాడు. ముగ్గురు పిల్లలే నాకు."

"నాకున్నది ఒక్కతే."

"దానికేం నష్టం చెప్పు? చదువంతా అయ్యగారే చూసుకుంటారట. పిల్ల నోట ఒక్క మాట రావాలంతే. నేను దండం పెట్టాను, అమ్మవారు ఆపింది అని. నువ్వు చెయ్యి కొంగులో పెట్టుకుని పక్కన నిలబడు చాలు." ఆయన నూనె డబ్బా మళ్ళీ అందుకున్నాడు. "నిన్ను పెంచినవాణ్ణే. ఎప్పుడైనా ఏదైనా అడిగానా?"

అడగలేదు. నిజమే, ఎప్పుడూ ఏదీ అడగలేదు. అడగనందుకు ఇన్నేళ్ళ బాకీ ఒక్కసారే వసూలు చేస్తున్నాడని ఆమెకు తోచింది. కంచే చేను మేస్తే ఎవరితో మొరపెట్టుకోవాలి? ఆమె వెనక్కి వచ్చి బల్ల దగ్గర నిలబడింది. చేతులు వాటంతటవే మడుస్తూ పోయాయి. తన కాలెత్తిన బొమ్మను సాయంత్రం దాకా మూడు వేళ్ళతో తనే మడిచింది. మడవకపోతే కూలి లేదు.

సాయంత్రం అన్న ఇంటికొచ్చాడు. మిరియానికి కొత్త గౌను తెచ్చాడు. పిల్ల దాన్ని మీద పెట్టుకుని గిరగిరా తిరిగింది. ఆయన దగ్గర కూర్చోబెట్టుకుని, రేపు మైకులో ఏం చెప్పాలో ఓపిగ్గా నేర్పాడు.

"కళ్ళు మూసుకుని దండం పెట్టానని చెప్పాలి."

"కళ్ళు మూసుకుంటే స్విచ్చి ఎలా కనిపిస్తుంది మామయ్యా?"

"స్విచ్చి సంగతి వద్దమ్మా."

"మరి ఎలా ఆగింది?"

"అమ్మవారు ఆపింది."

మిరియం ఒళ్ళో గౌను పక్కన పెట్టింది. "భుజమిచ్చి ఊరుకుందనుకున్నాను. ఆపింది కూడా ఆవిడేనా?" అని తల్లి వైపు చూసింది. "అమ్మా, ఏది చెప్పను?"

మడతమ్మ పొయ్యి దగ్గర నుంచి లేవలేదు. నోటి దాకా వచ్చిన మాట అన్న మొహం చూసి ఆగిపోయింది. తెల్ల వెంట్రుకలు, గుంటలు పడ్డ కళ్ళు, చిన్నప్పుడు తనను మోసిన భుజాలు. "పడుకో," అంది. అన్నకు అదే చాలనిపించింది. చెల్లెలి తల నిమిరి వెళ్ళాడు. ఆ నిమిరిన చెయ్యి బరువు ఆమె నెత్తి మీద తెల్లారేదాకా దిగలేదు.

విడుదల షెడ్డులోనే పెట్టారు. నేల కడిగారు. కుర్చీలు వేశారు. ఫ్యాను కింద మైకు. గోడ స్విచ్చి కింద బల్ల మీద కొత్త పుస్తకాలు దొంతరగా పేర్చి, పట్టు గుడ్డ కప్పారు. అట్ట మీద అమ్మవారు, ఆవిడ పాదాల దగ్గర కళ్ళు మూసుకున్న పాప. కత్తి మిషన్‌కు పూలదండ వేశారు. దండ కింద, అడ్డుకమ్మీ! మడతమ్మ కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. బొమ్మలోది కాదు, ఇనుపదే. మరలు కొత్తగా మెరుస్తున్నాయి, చుట్టూ నూనె ఇంకా తడిగా ఉంది. పొద్దున్నే వచ్చి అన్న బిగించాడన్నమాట. బిగించడానికి పట్టే పని ఇంతేనా! నిన్నటి సన్నటి అమ్మాయి కూడా దాని వైపే కళ్ళార్పకుండా చూస్తోంది.

ఆఫీసరు పట్టు గుడ్డ తీశాడు. చప్పట్లు. యజమాని మైకందుకుని భక్తి గురించీ, తల్లిదండ్రుల మాట జవదాటని పిల్లల గురించీ, తన షెడ్డంతా ఒకే కుటుంబమన్న సంగతి గురించీ మాట్లాడాడు. కుటుంబం అన్నప్పుడల్లా జిగురవ్వ గట్టిగా దగ్గింది. చివరికి ఆయన మిరియాన్ని ముందుకు పిలిచాడు.

"చెప్పమ్మా, ఆ రోజు మీ అమ్మను ఎలా కాపాడావు?"

మిరియం మైకు వంక చూసింది, మామయ్య వంక చూసింది. మామయ్య చేతులు జోడించి చూపించాడు. పిల్ల చేతులు జోడించింది. కళ్ళు మూసుకుంది. "నేను దండం..." అని మొదలుపెట్టి ఆగిపోయింది. కళ్ళు తెరిచింది.

"ఇలా అయితే ఏం కనపడట్లేదు," అంది. "ఎక్కి చూపించనా?"

కుర్చీల్లో ఎవరో నవ్వారు. మిరియం అప్పటికే బల్ల దగ్గరికి పోయి, పుస్తకాల దొంతర మీద చెయ్యి వేసింది. యజమాని మైకులోనే కేక వేశాడు. "వద్దు! అమ్మవారి బొమ్మ ఉంది దాని మీద. కాలు పెడితే కళ్ళు పోతాయి!"

పిల్ల చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇన్నాళ్ళూ లేని భయం ఆ కళ్ళలోకి దిగడం మడతమ్మ చూసింది. తన వేళ్ళు పోయిన రోజున కూడా ఆ పిల్ల అలా బెదరలేదు. వేళ్ళు తీసుకున్నారు, కూలి తీసుకున్నారు, పోనీలే. పిల్ల దగ్గర ఉన్నది ఆ ధైర్యం ఒక్కటే. దాన్ని కూడా పట్టుగుడ్డ కప్పి పట్టుకుపోతారా?

"చెల్లీ," అన్నాడు అన్న, మెల్లగా, బతిమాలుతూ.

ఆమె ఆయన వైపు చూడలేదు. కొంగులోంచి ఎడమ చెయ్యి బయటికి తీసింది. నలుగురి మధ్య నుంచి నడిచి బల్ల దగ్గరికి వెళ్ళింది. పై పుస్తకం మీద అమ్మవారి పాదాలను ఆ మూడు వేళ్ళతో తాకి, కళ్ళకద్దుకుంది. తర్వాత ఆ చెయ్యే కూతురికి అందించింది.

"ఎక్కమ్మా," అంది.

మిరియం ఎక్కింది. బల్ల మీదికి, బల్ల మీంచి దొంతర మీదికి. పుస్తకాలు కదిలాయి. తల్లి రెండు చేతులతో పిల్ల కాళ్ళు పట్టుకుంది. పైనుంచి మిరియం ఆఫీసరుకు వివరంగా చెప్పింది. "ఇలా నిక్కానండీ. అందకపోతే అమ్మవారే భుజమిస్తుంది. మా మామయ్యే చెప్పాడు." చెప్పి, స్విచ్చి లాగేసింది.

దీపాలు పోయాయి. మైకు నోరు పడిపోయింది. యజమాని పెదవులు ఆడుతూనే ఉన్నాయి కానీ మాట మొదటి వరుస కూడా దాటలేదు. నెత్తి మీద ఫ్యాను ఒక్కొక్క చుట్టే తగ్గుతూ వచ్చి ఆగింది.

ఆఫీసరు స్విచ్చి వంక చూశాడు, దాని కిందున్న పిల్ల వంక చూశాడు. కాళ్ళు పట్టుకున్న చేతిని చాలాసేపు చూశాడు. లేచి కత్తి మిషన్ దగ్గరికి వెళ్ళి, పూలదండ పక్కకు తప్పించి, మరల మీద వేలు పెట్టాడు. వేలికి నూనె అంటింది.

"ఇది ఎప్పుడు బిగించారు?"

ఎన్నడూ మూతపడని జిగురవ్వ నోరు కూడా ఆ పూట మూసుకునే ఉంది. మడత బల్ల ఆడవాళ్ళు ఆరుగురూ, సన్నటి అమ్మాయీ, అందరూ ఒక్క మనిషి వైపే చూశారు. ఆయన పొద్దుటి నూనె ఇంకా వదలని చేతులను పంచెకు తుడుచుకుంటున్నాడు. తుడిచేకొద్దీ నలుపు పంచెంతా పాకుతోంది.

"మామయ్యా, నువ్వు చెప్పు," అంది మిరియం పైనుంచి.

ఆయన తలెత్తి చెల్లెలి వంక చూశాడు. ఆమె పిల్ల కాళ్ళు వదలకుండా అలాగే నిలబడి ఉంది.